తీసి ఉన్న గడియ

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నేను నమ్మింది డాబాలను. ఆ మాటలోనే డాబు ఉందని తెలిసేసరికి ఆలస్యమైంది. జరిగినదాంట్లో నా తెలివితక్కువతనం వాటా ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

డెబ్బయ్యవ దశకం చివర్లో జగ్గయ్యపేటలో డ్రాయింగు మాస్టారుగా ఉండేవాణ్ణి. నందిగామ రోడ్డు వైపు కొత్తగా ఒక కాలనీ లేచింది. వ్యాపారులు, ఇద్దరు డాక్టర్లు, క్వారీ కాంట్రాక్టర్లు కట్టుకున్న ఇళ్ళు. మొజాయిక్ గచ్చు, హంసల గ్రిల్సు, ప్రహరీ మీద గాజుపెంకులు. ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అన్న బోర్డులే గాని కుక్కలు తక్కువ. అరుగు ఒక్క ఇంటికీ లేదు. మధ్యాహ్నం క్వారీలో తూటా పేలితే అన్ని ఇళ్ళ కిటికీ అద్దాలూ ఒకేసారి గలగలమనేవి. ఆ కాలనీ అంతా కలిసి చేసే పని అదొక్కటే.

అక్కడ ఒక ఇంట్లో వీధివైపు వాటా అద్దెకు దొరికితే, మా బావమరిది ముందు గొప్ప కోసం మా ఆవిడతో సహా చేరిపోయాను. ఇంటాయన సుబ్బారావుగారు నూనె వ్యాపారి. ఆయన్ని చిన్నప్పట్నుంచీ పెంచిన మేనత్త రత్తమ్మ ఆ ఇంట్లోనే ఉండేది. ఆవిడకు చూపు లేదు. రోజూ మూడింటికి గోడ తడుముకుంటూ దక్షిణం తలుపు దగ్గరికి వచ్చి, ఇత్తడి గడియ తీసి, వీధి వరండాలో కూర్చునేది. అది పూలమ్ముకునే ఆవిడ వచ్చే వేళ. రత్తమ్మ పూలు కొనేది కాదు, కబుర్లు కొనేది.

“ఏవయ్యా మేస్టారూ, ఇవాళేం గీశావు?” అనేది నా కిటికీ వైపు తిరిగి. “నీ బొమ్మలు బాగున్నాయనేది నేనొక్కదాన్నే. అదీ చూడలేను గనక.”

ఆ ఏడు సుబ్బారావుగారి వ్యాపారం దెబ్బతింది. సిద్ధాంతి ఒకాయన వచ్చి, దక్షిణం తలుపు మూసి తూర్పున పెట్టమన్నాడు. ఆ మాట పాకి కాలనీలో ఇంకో మూడిళ్ళ తలుపులు దిక్కు మారాయి. ప్లాను గీసిమ్మని సుబ్బారావుగారు నన్నే అడిగారు.

“మరి అత్తయ్యగారో?” అన్నాను.

“ఆవిడకు చూపే లేదు కదండీ. ఏ తలుపైతే ఏంటి?”

నోరు తెరిస్తే వాటా పోతుందని మూసుకున్నాను. వాస్తు ముందు వాస్తవం నిలబడలేదు. ప్లాను గీసి, కింద అందంగా సంతకం కూడా పెట్టాను.

తలుపు పీకి ఇటుక కట్టారు. పాత సామాన్లలో పట్టీ, కొక్కెంతో సహా పారేసిన గడియను, కాగితాలు ఎగరకుండా పెట్టుకోవచ్చని నేను తెచ్చుకున్నాను.

మర్నాడు మూడింటికి, లోపలి నుంచి అరచేత్తో గోడ తట్టడం వినిపించింది.

“ఒరే సుబ్బులూ, తలుపేదిరా?”

“తూర్పుకి మార్చామత్తా. అటునుంచి వెళ్ళు.”

“అటు మనుషుల మాట వినపడదురా.”

పూలావిడ నాలుగు రోజులు గేటు దగ్గర ఆగి, గోడను చూసి వెళ్ళిపోయింది. రత్తమ్మ వారం పాటు గోడను తడిమింది. ఎనిమిదో రోజు తూర్పుకి వెళ్ళింది. అక్కడ కొత్తగా కట్టిన ఐదు మెట్లు ఆవిడ కాళ్ళకు తెలియవు. తుంటి విరిగింది. నెల తిరక్కుండా పోయింది.

పెద్దకర్మ నాడు, ఎలా పడిందని చుట్టాలు అడిగితే సుబ్బారావుగారు నన్ను చూపించారు. “ప్లాను మాస్టారిదేనండి,” అన్నారు. అబద్ధమైతే పోట్లాడేవాణ్ణి. నిజం కావడంతో విస్తరి ముందు నుంచి లేచిపోయాను.

వేసవి సెలవుల్లో మొదలైంది. మూడింటికి ఆ గోడలోంచి గడియ తీస్తున్న చప్పుడు. కిర్రుమని, ఆపైన టక్కుమని. మా ఆవిడ రెండుసార్లు విని పుట్టింటికి వెళ్ళిపోయింది. క్వారీ తూటాల అదురు అనుకున్నాను. ఆదివారం క్వారీకి సెలవు, చప్పుడుకి లేదు.

ఇంకొకటి గమనించాను. నా బల్ల మీది గడియను మూసి ఉంచితే, చప్పుడు తరవాత అది తీసి ఉండేది. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు దాన్ని దారంతో బిగించి మూడు ముళ్ళు వేశాను. పెళ్ళిలో కూడా అంత గట్టిగా వేయలేదు. సుబ్బారావుగారిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను.

చప్పుడైంది. ఇద్దరం గోడవైపు చూశాం. తిరిగి చూస్తే గడియ తీసి ఉంది. దారం పక్కన పడి ఉంది. తెగలేదు. మూడు ముళ్ళూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

“ఎలకలండి,” అన్నారాయన.

“ఇటుక గోడలోనా?”

“మేస్త్రి సిమెంటు తక్కువ కలిపుంటాడు.” కారుతున్న చెమట తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

మర్నాడు వాటా ఖాళీ చేయమన్నారు.

గడియ అంటే తలుపుదీ అవుతుంది, కాలానిదీ అవుతుంది. నా బుర్రకు అందిన అర్థం అంతవరకే. ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ గడియ నందిగామలో మా ఇంట్లో ఉంది. ఇక్కడికి వచ్చాక ఒక్కసారీ దానంతటది కదల్లేదు.

ఖాళీ చేసిన రోజు ఇంటివాళ్ళంతా పెళ్ళికి ఊరెళ్ళారు. వరండాలోకి వెళ్ళి ఆ గోడ మీద ఆయిల్ పెయింటుతో నిలువెత్తు తలుపు గీశాను. ఆయిల్ పెయింటు మీద సున్నం పట్టదు. ఆయన ఏటా వేయిస్తూనే ఉన్నారు, నెల తిరిగేసరికి పెచ్చులూడి దక్షిణం తలుపు బయటపడుతూనే ఉంది. పేట వెళ్ళినప్పుడల్లా చూసి వచ్చేవాణ్ణి.

గడియ లోపలివైపు ఉంటుందని, వీధివైపు గీయడం తప్పని, నా దగ్గర చదివే ఆరో తరగతి పిల్లలకీ తెలుసు. తెలిసే గీశాను, తీసి ఉన్నట్టు. ఆ ఒక్కసారి మాత్రం గడియ తీసింది నేనే.