మా నగేష్ అంచున ఎందుకు నిలబడ్డడు

మా తమ్ముడు నగేష్ ఫుట్‌బాల్ ఆడుతడంటే మా రావల్కోల్ల సగం మందికి ఇప్పటికీ సమజ్ గాదు. "ఆడితే ఆడిండు గాని, పనేం జేస్తడు?" అని అడుగుతరు. ఆటే వాని పని అని చెప్తే నా దిక్కు జాలిగ చూస్తరు. నాకు మస్తు కోపమొస్తది. పొద్దంత ఫోన్ల క్రికెట్ చూసుకుంట కూసునేటోళ్లు మా తమ్మునికి పని లేదంటరా?

వాడు ఆట నేర్చుకున్నది గ్రౌండ్ల గాదు. ఊరి గ్రౌండ్ల పెద్ద పోరగాండ్లు క్రికెట్ ఆడుతుండె, వీన్ని దగ్గరికి రానియ్యకపోతుండె. ఊరి బయట ఎవరో వెంచర్ ఏసిన్రు. ప్లాట్లు అమ్ముడుపోయినయ్ గాని ఒక్క ఇల్లూ లేవలే. నున్నటి రోడ్డు, పక్కకే తుమ్మకంప. బాల్ కంపల పడ్డదంటే పంచర్. గందుకే వాడు బాల్‌ను కాలికి అంటిపెట్టుకొని రోడ్డు అంచుపొంటి ఉరుకుడు నేర్చుకున్నడు. అదిగూడ ఎడమ కాలుతోని. మమ్ముల కన్నతల్లి, మా అవ్వ జంగమ్మ అది చూసి "వీనికి అన్నీ ఉల్టనే" అంటుండె.

ఆ ఉల్ట కాలే వాన్ని బతికిచ్చింది. బడిల ఆటల సారు గాలయ్య వెంటబడి వాన్ని సిటీ టీముల చేర్పించిండు. ఆడికెల్లి కలకత్తా పోయిండు, తర్వాత గోవా పోయిండు. ఒక్కసారి టీవీల గూడ కనవడ్డడట. సరిగ్గ అప్పుడే మా ఇంట్ల కరెంటు పోయింది. ఎడమ అంచుపొంటి ఉరికి బాల్‌ను గోల్ ముంగటికి పంపేటోన్ని లెఫ్ట్ వింగర్ అంటరని వాడే మాకు చెప్పిండు. మేం తల ఊపినం.

నిరుడు మోకాలు మెలిపడి ఆర్నెల్లు ఇంట్ల పడ్డడు. దిష్టి తీసీ తీసీ అవ్వ ఇంట్ల ఎండుమిరపకాయలన్నీ ఒడగొట్టింది. బాగైనంక షామీర్‌పేట దిక్కు ఒక చిన్న క్లబ్బు వాన్ని తీసుకున్నది. "గీ సీజన్ల ఆఖరి మ్యాచ్ చూసి, ఉంచుడా పంపుడా చెప్త," అన్నడు కోచ్ హేమచంద్ సారు. పంపితే ఇగ అంతే. మోకాలు దెబ్బతిన్నోన్ని ఇంకెవ్వరు పిలుస్తరు?

గా మ్యాచ్ చూడనీకి నేనూ అవ్వా ఆటో మాట్లాడుకొని పోయినం. అవ్వ వాని మ్యాచ్ చూసుడు గదే మొదలు. గ్రౌండ్ అంచు గీత పక్కనే కూసున్నం. జెరసేపు సంబురంగ చూసింది. తర్వాత మొఖం మాడింది.

"అందరు నడిమిట్ల గుంపుగ ఆడుతాన్రు. మనోన్నొక్కన్నే గీ గీత కాడ ఎందుకు నిలబెట్టిన్రే రోజారాణీ?"

"వాని జాగ అదేనే అవ్వా."

"ఎవడిచ్చిండు వానికి గా జాగ?"

ఏం చెప్పినా ఇనలే. ఊరి పెండ్లిళ్ల మా అవ్వోళ్లను ఆఖరి పంక్తిల, చెప్పులు ఇడిచిన కాడ కూసోబెట్టేటోళ్లు. కూర అయిపోవస్తాంటే పిలిచేటోళ్లు. అంచు అంటే ఆమెకు ఎరుకైంది గదొక్కటే. నాకు ఆమె మీద కోపమూ వచ్చింది, పాపమూ అనిపించింది.

సగం ఆటకు విజిల్ ఊదంగనే కొంగు నడుముకు చెక్కి సీదా సారు ముంగటికి పోయింది. నేను ఎన్కనే ఉరికిన.

"సారూ, మా పోరనికి ఏం తక్కువైందని నలుగురిల కలువనీయకుంట అంచుకు ఎల్లగొట్టినవ్? గిట్లాటియి నా బతుకంత చూసిన. వాని బతుకుల చూడ."

సారు నోరు తెరిచి నా దిక్కు చూసిండు. నగేష్‌కు ఏడ దాసుకోవాల్నో తెలుస్తలేదు. "అవ్వా, జర పోవే. నన్ను తీసేస్తరు," అన్నడు.

"తీసేస్తే తీసెయ్యనీ. ఇజ్జత్ కంటే ఎక్కువనా?"

అప్పటికే ఒక గోల్ ఎన్కవడి ఉన్నం. నడిమిట్ల ఆడే పిలగానికి తొడ పట్టుకున్నది. సారుకు గూడ ఏం తోచలే. "సరేనమ్మా, నడిమిట్లకే పంపుత. నువ్వు పోయి కూసో," అన్నడు.

నడిమిట్లకు పోయి మా తమ్ముడు సంతల తప్పిపోయిన పోరని లెక్క తిరిగిండు. బాల్ రాకముందు ముంగటోడు తంతడు, వచ్చినంక ఎన్కటోడు తంతడు. పడుడు, లేసుడు. "ఎవడ్రా వీడు, బయటికి గుంజున్రి," అని మా ఎన్కనే ఎవరో అన్నరు. సారు తల అడ్డంగ ఊపుతాండు. పోయింది, వాని ఆట ఈడికే అయిపోయిందని నాకు ఏడుపొచ్చింది.

అవ్వ మళ్ల లేసింది.

"సారూ, నడిమిట్ల పెట్టుడంటే గిట్ల తన్నిపిచ్చుడా? వాన్ని మళ్ల అంచుకే పంపు."

"పెద్దమ్మా, గీ టీముకు కోచ్ నేనా, నువ్వా?"

"నువ్వే. గందుకే నీకు చెప్తాన."

సారు నెత్తి పట్టుకొని, అంచుకు పొమ్మని నగేష్‌కు సైగ జేసిండు. సగం ఆటైనంక టీములు సైడ్లు మారినయ్ గద, వాని అంచు ఇప్పుడు గ్రౌండ్‌కు అవతల. అవ్వ గోల్ ఎన్కకెల్లి తిరిగి ఆడికి గూడ పోయింది. జెండా పట్టుకొని ఉరికేటాయన జరుగమంటే "గీతంత నీ ఒక్కనిదేనా?" అని తిట్టింది.

ఆట అయిపోవస్తాందనంగ బాల్ వాని ఎడమ కాలికి దొరికింది. ఇద్దరు అడ్డమొచ్చిన్రు. వాళ్లకూ గీతకూ నడుమ బెత్తెడు జాగ ఉన్నది. గా బెత్తెడులకెల్లే ఎల్లిపోయిండు. బాల్‌ను గోల్ ముంగటికి లేపిండు, మావోడొకడు తలతోని కొట్టిండు. గోల్. గెలువలే గాని ఓడలే.

సారు నగేష్‌ను పిలిచిండు. వానికంటె ముందే అవ్వ పోయి చేతులు జోడిచ్చింది. "తప్పు నాది సారూ. వాన్ని తీసెయ్యకు."

"ఇంకో రెండేండ్లు ఉంటడు," అన్నడు సారు. "గా అంచుకే ఉంటడు. నువ్వు మాత్రం మళ్ల రాకు పెద్దమ్మా."

అవ్వకు ఇంకా నమ్మకం కుదరలే. నగేష్ రెక్క పట్టుకొని పక్కకు గుంజింది.

"నిజం చెప్పు బిడ్డా. ఆడ నిలబెడితే నీ పానానికి కష్టం గాదా?"

"నేనే అడిగిన అవ్వా. ఏడ ఆడుతవని సారు అడిగిండు, ఎడమ అంచు ఇయ్యమన్న."

"నిన్ను అడిగిండా?"

"అడిగిండు."

అవ్వ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "నన్నెవ్వరు అడుగలే బిడ్డా," అన్నది.

ఆటో కాడికి పోయినంక అవ్వ ఎప్పటిలెక్కనే ఎన్క మూలకు జొరబడబోయింది. నగేష్ చెయ్యి పట్టి ఆపిండు.

"ఏడ కూసుంటవ్ అవ్వా?"

ఆమె ఆటో చుట్టు ఒకసారి తిరిగి చూసింది. "డ్రైవర్ పక్కన," అన్నది.

రావల్కోల్ దాక ఆయనకు ఆటో ఎట్ల నడుపాల్నో చెప్పుకుంటనే వచ్చింది.