స్వరూపక్క ఖాళీ ఫోను

2023 ఎండాకాలం. గోదావరిఖనిలో నా మొబైల్ రిపేరు షాపు. ఆ ఎండకు ఫోన్లతో పాటు వాటి యజమానులు కూడా హ్యాంగయ్యే రోజులు.

గల్ఫ్‌లో ఒక ముసలామెను చూసుకునే పనిచేస్తున్న స్వరూపక్క, సెలవు అయిపోయి తిరిగి వెళ్లబోతూ వచ్చింది. వెంట ఆమె భర్త రాజన్న బావ, బొగ్గు బాయిలో కార్మికుడు. అక్క ఫోనులో తోటి పనివాళ్లైన ఇద్దరు ఆడవాళ్ల వాయిస్ మెసేజ్‌లున్నాయి. ఏజెంటు పాస్‌పోర్టులు గుంజుకున్నాడని, అడిగితే కొట్టాడని ఏడుస్తూ చెప్పినవి. విమానం దిగగానే అదే ఏజెంటు, సిమ్ వేసిస్తానంటూ అందరి ఫోన్లూ తీసుకుని తిరగేస్తాడట. ఇవి విన్నాడంటే ఆ ఇద్దరికీ మూడినట్టే.

"తుడిపేద్దామా అక్కా?"

"ఎందుకు తుడుపాలె? రేపు ఎంబసీల ఏం చూపెట్టాలె, నా మొఖమా?"

బావ జేబులోంచి పాలిథిన్ కవర్ చుట్టిన మెమరీ కార్డు తీశాడు. "అన్నీ గిండ్ల ఎక్కియ్యి. మామిడికాయ తొక్కు డబ్బల ముంచుత. నూనెల ఎవడు చెయ్యి పెడ్తడు?"

"ఎయిర్‌పోర్టుల ముందుగాల ఆపేదే తొక్కు డబ్బను బావా. దొరికితే అక్క స్మగ్లరు, నువ్వు ముఠా నాయకుడివి."

బావ ముఖం మాడ్చుకున్నాడు. భూగర్భ గనిలో గ్యాస్ ఉంటుంది కాబట్టి, దిగే ముందు అందరి జేబులూ తడుముతారు. అది గుర్తొచ్చి అడిగాను: "బాయి దిగేటప్పుడు అగ్గిపెట్టె ఏడ దాస్తవ్?"

"దాసుడేంది? పైన్నే పెట్టి దిగుత."

"గిదీ గంతే."

మెసేజ్‌లన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి ఎన్‌క్రిప్షన్ చేశాను. అంటే పాస్‌వర్డ్ లేకుండా తెరిస్తే గజిబిజి తప్ప ఏమీ కనబడదు. ఒకటి బావకు ఇచ్చాను. రెండోది నా షాపులో ఉంచుతానంటే అక్క ఒప్పుకోలేదు. "నీ షాపుల నీ స్క్రూడ్రైవరే నీకు దొరకది" అంది. అది నస్పూర్‌లో ఉన్న ఆమె చెల్లెలి దగ్గరికి పోయింది. తర్వాత ఫోనుకు ఫ్యాక్టరీ రీసెట్, అంటే కొన్ననాటిలా మొత్తం ఖాళీ చేయడం. పాత ఖాతాతో లాగిన్ అయితే పాత ఫొటోలన్నీ చుట్టాల్లా వెనక్కి వస్తాయి. అందుకే కొత్త ఖాతా తెరిచాను. వేలు పట్టి నొక్కిస్తే వేలిముద్ర లాక్ తెరుచుకుంటుందని అది తీసేసి పిన్ పెట్టాను.

దిగిన మర్నాడే అక్క ఫోన్ చేసింది. ఏజెంటు కిందికీ మీదికీ జరిపి చూసి, "ఏంది, ఫోన్ల ఏం లేదు?" అన్నాడట.

"నువ్వేమన్నవ్ అక్కా?"

"నువ్వు చూస్తవనే ఏం తేలే అన్న. ఫోను గుంజుకొని జేబుల పెట్టుకున్న."

నా చేతిలో సోల్డరింగ్ గన్ జారి వేలు కాలింది. నేను ఇంత పని చేసింది ఆమె గుట్టుగా బయటపడాలని. ఆమె వాడి ముఖం మీదే చెప్పి వచ్చింది. కానీ వాడికి వినడానికి ఒక్క గొంతూ దొరకలేదు. కొన్ని వారాలకు అక్కా, ఆ ఇద్దరూ కలిసి అక్కడి ఎంబసీ మెట్లెక్కారు. ఇక్కడ నా షాపులో బావ పాస్‌వర్డ్ కొట్టాడు, నేను ఫైళ్లు పంపాను. ఒకామెకు పాస్‌పోర్టు చేతికొచ్చింది. రెండో ఆమెది ఇంకా నడుస్తోంది. అక్క వదిలే రకం కాదు.

అప్పటిదాకా ఫోను ఎవరు కొంటే వాళ్లదే అనుకునేవాణ్ణి. ఇప్పుడు దేశం దాటే ఫోను నా బల్ల మీదికి వస్తే, మొదట అడిగేది ఇందులో ఇంకా ఎవరెవరున్నారని. మనల్ని నమ్మి మాట్లాడినవాళ్లను అడగకుండా సరిహద్దు దాటించే హక్కు మనకు లేదు.