తొంభై ఏడో చుట్టు

ఊరందరికీ ఆవిడ గంటలక్క. అసలు పేరేమిటో ఆవిడకైనా గుర్తుందో లేదో! గడియారం బురుజు కింది గదిలోనే పుట్టింది. నాన్న పోయాక ఆయన కొలువు ఆవిడకొచ్చింది. పసివాడైన తమ్ముణ్ణి ఆ గదిలోనే పెంచి, చదివించి, సర్కారు కచేరీలో గుమాస్తాని చేసింది.

ముప్పై రెండేళ్ళుగా పని ఒకటే. రోజూ పొద్దున్నే నూట నలభై మెట్లెక్కి, పిడి తిప్పి, తాడుకి వేలాడే ఇనప బరువుని పైకి చుట్టాలి. తొంభై ఆరు చుట్లు. ఇంకొక్కటి తిప్పినా తాడు తెగుతుందని నాన్న చెప్పాడు. మధ్యాహ్నం గోడ కంతలోంచి ఎండ వచ్చి నేలమీది ఇత్తడి గీతని తాకితే పన్నెండైనట్టు. ముల్లు అటూ ఇటూ అయితే సరిచేసేది. ఇక నోరంటారా, మెట్లమీద అడ్డొచ్చిన పావురాన్ని కూడా తిట్టకుండా వదిలేది కాదు.

ఓ రోజు తమ్ముడు కాగితం పట్టుకొచ్చాడు.

"అక్కా, ముందు విను, తరవాత అరుద్దువుగాని. ఇకనించి మన గడియారం తూర్పునున్న దొరల దేశం టైము చూపించాలట. రెండు గంటలు ముందుకి జరపమన్నారు. వాళ్ళ ఓడలకి సౌకర్యంగా ఉంటుందట."

"అంటే నాలుగింటికి ఆరు కొట్టాలా? నా గంట వినే కదరా మిల్లు కూత వేసేది! చంటిపిల్లల్ని వదిలేసి ఆడవాళ్ళు చీకట్లో పరిగెత్తాలా? ఇది తేల్చిన చోట మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"అది వాళ్ళ సభ. మనకక్కడ కుర్చీ ఎందుకేస్తారు?"

"కుర్చీ వెయ్యనివాళ్ళ మాటకి నా చెయ్యెందుకు కదలాలి?"

"ఏలేవాళ్ళు వాళ్ళక్కా!"

"ఏలుకోమను. రోజూ పొద్దున్నే గడియారం చుట్టేది మాత్రం నేనే."

తమ్ముడి గొంతు సన్నబడింది. "నీ గది పోతుంది. నా ఉద్యోగమూ పోతుంది. ఈ వయసులో ఎక్కడుంటావు?"

ఆ మాట మాత్రం ఆవిడకి తగిలింది. వాడి బతుకు పాడుచేస్తున్నానా అని ఆ రాత్రంతా కుమిలిపోయింది. తెల్లారాక మెట్లెక్కి, తొంభై ఆరు చుట్లు చుట్టి, ముల్లు జోలికి పోకుండా దిగొచ్చింది.

మూడో రోజు పొద్దున, ఆవిడ ఇంకా పిడి ముట్టకముందే, కచేరీ దొర స్వయంగా ఆయాసపడుతూ మెట్లెక్కాడు. వెనకాల ఇద్దరు జవాన్లు, దస్త్రం పట్టుకుని తలొంచుకున్న తమ్ముడు.

"ఎవర్నడిగి ఆజ్ఞ మీరావు?"

"మీరెవర్నడిగి మార్చారు?"

దొర మొహం కందగడ్డయింది. "ఇష్టం లేకపోతే అర్జీ పెట్టుకో."

"మా పొద్దు మాకిమ్మని మీకు అర్జీ పెట్టాలా? అదేమన్నా మీ సొత్తా అండీ?"

గంటలో ఆవిడ పరుపూ గిన్నెలూ వీధిలో పడ్డాయి. దొర జవాన్లని పిలిచి, పిడి ఇక కదలనంతవరకూ తిప్పమన్నాడు. ఎన్ని చుట్లని ఒక్కడైనా అడగలేదు. ఆవిడ వీధిలో నిలబడి, పైనించి వినిపిస్తున్న చప్పుడుని వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. తొంభై ఐదు. తొంభై ఆరు. తొంభై ఏడు!

తాడు పుటుక్కున తెగింది. బరువు అంతస్తులన్నీ చీల్చుకుంటూ వచ్చి ఆవిడ ఖాళీ గదిలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ గడియారం ఆగిపోయింది.

తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. "తెలిసి కూడా చెప్పలేదేం?"

"అడిగితే చెప్పేదాన్ని కదరా! అడగడమే వాళ్ళకి చేతకాదు."

ఎదురింటి కుట్టుపనావిడ తన కొట్టు వెనక గదిలో చోటిచ్చింది. గంటలక్క ఆ కొట్టు ముందు ఒక రైలు పట్టా ముక్క వేలాడదీసింది. వీధిలో నిట్రాట కర్ర నిలువుగా పాతి, దాని నీడకి మధ్యాహ్నం గీత గీసింది. మర్నాడు మిల్లు కూత దొరల టైము ప్రకారం చీకట్లో కూసీ కూసీ ఊరుకుంది. ఒక్కరూ కదల్లేదు. పొద్దు పొడిచాక ఆవిడ పట్టా మీద సుత్తితో కొడితే, అప్పుడు బయల్దేరారు ఆడవాళ్ళంతా, పిల్లలకి పాలు పట్టి, తీరిగ్గా. మిల్లు మేనేజరు గేటు దగ్గర గంతులేశాడు. నాలుగు రోజులు గంతులేసి, ఐదో రోజు తెల్లారేదాకా ఆగి, పట్టా మోగాకే కూత వేయించాడు.

ఆ మధ్యాహ్నం కచేరీ వరండాలో దొర నిలబడి చూస్తుండగా, తమ్ముడు మెట్లు దిగి వీధి దాటాడు. అక్క ముందుకొచ్చి, కచేరీవాళ్ళిచ్చిన జేబు గడియారం బయటికి తీశాడు. అందులో రెండు కావస్తోంది.

"అక్కా, పన్నెండైందా?"

ఆవిడ నీడకేసి చూసింది. కళ్ళు చెమర్చాయి, అయినా గొంతు తగ్గించలేదు.

"ఆగరా, తొందరేమిటి? ఇంకా వేలెడు దూరముంది."

వాడు ఆగాడు. నీడ గీతని తాకగానే, దొర చూస్తుండగానే, ముల్లు రెండు గంటలు వెనక్కి తిప్పాడు.