ఇచ్చినా అమ్మినట్టే

టైల్స్ మేస్త్రీ నడుం దెబ్బతిన్నప్పుడు డాక్టరు గట్టి నొప్పిమాత్రలు రాసిచ్చాడు. అవి నల్లమందు జాతివని, ఇంకొకరికి ఇవ్వకూడదని సీసా మీదే ఉంది. మేస్త్రీ ఎన్నడూ చదవలేదు.

అతనూ బావమరిదీ కలిసే పనిచేసేవారు. ఆరోజు ఓ కొత్త ఇంట్లో హాల్లో పలకలు పరుస్తుండగా, సిమెంటు బస్తా ఎత్తబోయి బావమరిదికి నడుం పట్టేసింది.

"బావా, నీ మాత్రొకటి పడెయ్యి. ప్రాణం పోతోంది."

"రెండేసుకో. సాయంత్రానికి హాలు అయిపోవాలి."

తగ్గలేదని అతను ఇంకో రెండు అడిగి మింగాడు. భోజనాలయ్యాక నేలమీదే ఒరిగి గుర్రు పెట్టాడు. పనిదొంగ అని నవ్వుకుని, నిద్ర చెడకూడదని మేస్త్రీ రబ్బరు సుత్తికి గుడ్డ చుట్టి మెల్లగా కొట్టాడు. మనిషి పట్టేంత జాగా వదిలి చుట్టూ పలకలు పరుచుకుంటూ పోయాడు. కాసేపటికి గుర్రు ఆగింది. హమ్మయ్య అనుకున్నాడు. తీరా లేపబోతే చెయ్యి చల్లగా తగిలింది.

"నేను అమ్మలేదండీ. నా భార్య తమ్ముడు, నొప్పంటే ఇచ్చాను," అన్నాడు కోర్టులో.

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "ఈ రాష్ట్ర చట్టంలో ఇచ్చినా అమ్మినట్టేనయ్యా. ప్రాణం పోయాక ఏడేళ్లకన్నా తక్కువ వేసే అధికారం నాకు లేదు."

అతను జైలుకెళ్లిన ఐదో ఏట శాసనసభ ఆ చట్టాన్ని మార్చింది. డబ్బు తీసుకోకుండా ఇంట్లోవాళ్లకు ఇస్తే శిక్ష తక్కువ. పాత కేసులకు మాత్రం వర్తించదు. ఆ మాట చెప్పడానికి వకీలు జైలుకొచ్చి తల దించుకున్నాడు.

"పోనీండి," అన్నాడు మేస్త్రీ. "అది నిద్ర గుర్రు కాదని, మందెక్కువై ఊపిరాడని గుర్రని నాకెలా తెలియాలి? అదేమైనా రాశారా ఆ చట్టంలో?"

వకీలు సంచీ సర్దుకున్నాడు.

ఏడేళ్లూ నిండి ఇంటికొచ్చాక మేస్త్రీ గోడలకే పలకలు అతికిస్తున్నాడు, నేల పని ముట్టడు. నెలనెలా జైలుకొచ్చి చూసినా, భార్య ఏనాడూ తమ్ముడి ఊసెత్తలేదు. సెలవురోజు మధ్యాహ్నాలు ఆమె కునుకు తీస్తే, అతను పక్కనే కూర్చుని మాటిమాటికీ భుజం తడిమి చూస్తాడు. మొదట్లో ఉలిక్కిపడి లేచేది.

మొన్న కళ్లు తెరవకుండానే అంది, "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనయ్యా, ఇల్లెగిరిపోయేలా గుర్రు పెట్టేవాడు. అక్కడ నేనున్నా లేపేదాన్ని కాదు."

మేస్త్రీ ఆమె భుజంమీది చెయ్యి తియ్యలేదు.