బొంత మీద మామ పేరు

పోయిన శుక్రవారం సౌదీలోని యాన్బులో మన తెలుగువాళ్లు కుడుతున్న బొంతకు నన్నూ ఒక ముక్క అడిగారు. ఎప్పుడో రెండో ప్రపంచ యుద్ధంలో చెరపడిన ఆడవాళ్లు, తాము బతికే ఉన్నామని పక్క శిబిరంలోని మగవాళ్లకు తెలియాలని గుడ్డముక్కల మీద పేర్లు కుట్టి బొంతలు పంపారట. అది చదివిన కాకినాడ వైపు నర్సమ్మ ఒకామె, ఆసుపత్రిలో చేసే పిల్ల, ఇక్కడ చెమటోడ్చి కనుమరుగైన మనవాళ్ల పేర్లతో అలాంటిదే కుట్టిద్దామని పూనుకుంది. నేను పెట్టె అడుగున దాచిన వెలిసిన నీలం ముక్క తీసిచ్చాను.

"పేరు చెప్పండి బాబాయ్ గారూ," అంది నర్సమ్మ.

"మామ."

"మామంటే ఎవరికి తెలుస్తుందండీ? అసలు పేరు?"

నేను ఆ ముక్కను ఆమె చేతిలోంచి మళ్లీ తీసుకున్నాను.

కువైట్ యుద్ధం నాటి చలికాలం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేనప్పుడు సౌదీలోనే, ఆ సరిహద్దు దగ్గరి కంపెనీ క్యాంపులో ఉన్నాను. పారిపోదామన్నా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉండేవి. కంబళ్లు అడిగితే కుక్కల్ని కసిరినట్టు కసిరారు. ఆ మాటలు ఇప్పటికీ ఒంట్లో మంటే. చివరికి మా గదిలో ఆరుగురం పాత డ్యూటీ చొక్కాలు చింపి బొంత కుట్టుకున్నాం. ప్రతి చొక్కా ఎదమీదా దారంతో కుట్టిన నంబరు ఉండేది. కంపెనీకి మేం ఆ నంబర్లమే. రాయచోటి వైపు నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం మా అందరికీ మామ. బడి ముఖం చూడని నాకు సిమెంటు సంచి కాగితం మీద తొలి అక్షరాలు దిద్దించింది ఆయనే. మిగతా చదువు పొట్లాల కాగితాలు చదివి నేనే తెచ్చుకున్నాను. "నీ పేరు నువ్వు రాసుకోలేకుంటే వీళ్లు నంబరుతోనే పిలుస్తార్రా అబ్బీ" అనేవాడు. నా పేరు నేర్పాడు గాని, ఆయన పేరు నేను అడగలేదు. పెద్దవాణ్ణి పట్టుకుని నీ పేరేమని అడగడం మనలో ఉందా?

ఒక పొద్దున మామ గుండె పట్టుకుని కూలబడితే కంపెనీ బండిలో తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. ఆఫీసుకు పరుగెత్తితే గుమాస్తా ఎవరి గురించి అన్నాడు. నాలుగు వందల పదిహేడు అని నా నోటి నుంచే వచ్చింది. ఖలాస్, ఆ నంబరు కొట్టేశాం అన్నాడు. బతికాడో పోయాడో చెప్పలేదు. మా బొంతలోంచి ఆయన నంబరున్న నీలం ముక్క కోసి దాచుకున్నాను. ఇంటికి ఉత్తరం రాద్దామంటే ఎవరి పేరున రాయను? కంపెనీని ఇన్నేళ్లూ తిట్టాను, ఇంకా తిడతాను. కానీ ఆ రోజు నంబరు చెప్పింది నేనే.

"పోనీ, నంబరే ఉంచేద్దామాండీ?" అంది నర్సమ్మ మెల్లగా. చచ్చినా వద్దని ఆ పిల్ల మీద అరిచి, ఆ నంబరు దారమంతా విప్పి, ఆయన దిద్దించిన అక్షరాలతోనే 'మామ' అని కుట్టాను.

ఇప్పటి పిల్లల ఫోన్లలో ఒక్కొక్కరి పేరు, ఇంటిపేరు, ఊరు అన్నీ ఉంటాయి, మంచిదే. గదిలో మామా అని పిలిస్తే తిరిగి చూసేవాళ్లే లేరు. ఆ గుడ్డంతా వెలిసిపోయింది గాని, పాత దారం కిందున్న మేర రంగు పోలేదు. నేను కుట్టిన రెండక్షరాల వెనక ఆ మూడంకెలు ముదురు నీలంగా ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.