ఒక ఇంగ్లీషు మాట మీద నేనాడిన బేరం

ఆ రోజుల్లో మా ప్రొద్దుటూరు చీరల అంగళ్ల వీధిలో పుట్టిన పిల్లలకు నడక కన్నా ముందు బేరం వచ్చేది. (నాకు నడక కొంచెం ఆలస్యమైందట, అమ్మ ఇప్పటికీ చెబుతుంది.) అవతలి మనిషి చెప్పినదాంట్లో సగం అడగడం, అది కూడా ఎక్కువేనన్నట్టు నిట్టూర్చడం, చివరికి సంచి చంకన పెట్టుకొని పది అడుగులు వేసి, వెనక నుంచి "సరే, రామ్మా" అన్న పిలుపు వచ్చేదాకా తల తిప్పకుండా ఉండడం, ఇవన్నీ ఎక్కాల కన్నా ముందు మాకు ఒంటబట్టిన చదువులు. అందుకే బేరానికి లొంగని సరుకు కూడా లోకంలో ఒకటి ఉంటుందని డిగ్రీ పూర్తయ్యేదాకా నాకు తెలియలేదు. ఆ సరుకు ఒక ఇంగ్లీషు మాట.

చిలమకూరు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, సామాన్లు కొనే సెక్షన్‌లో ఒకే ఒక్క ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసింది. కొనడమే పనట, పైగా దానికి జీతమిస్తారట. నన్ను చూసే ఎవరో ఆ ఉద్యోగం పుట్టించారనుకున్నాను. నాయన మాత్రం చీర మడత పెడుతూ, "పోయి రా. ఈ ఒక్కసారే. అది రాకుంటే అంగట్లో కూచో, ఇంగ ఉద్యోగం మాట ఎత్తగాకు" అన్నాడు. నాయన నోట్లోంచి వచ్చిన మాట వెనక్కి పోయేది కాదు. ఇంటర్వ్యూకు వచ్చేటప్పుడు, చదువు చెప్పిన వాళ్లెవరి చేతనైనా మన గుణగణాల గురించి ఒక ఉత్తరం రాయించుకొని రమ్మన్నారు. మా ఇంగ్లీషు సార్‌ను అడిగాను. ఆయన గుంటూరు వైపు మనిషి. మార్కులు వేయడంలో చెయ్యి ఎంత పొదుపంటే, పిల్లలందరూ ఆయన్ని అరమార్కు సార్ అనేవాళ్లు. ఉత్తరం రాసి చేతికిచ్చాడు. కాలేజీ గేటు దాటకముందే చదివేశాను. ఉన్నవి రెండే వాక్యాలు. మొదటిది, ఈ అమ్మాయి తప్పకుండా క్లాసుకు వచ్చేది అని. రెండోది, వ్యవహారంలో ఈ అమ్మాయి 'ఇన్‌స్క్రూటబుల్' అని.

ఇంట్లో ఉన్న చిన్న డిక్షనరీలో ఆ మాట లేదు. మా అంగడికి ఎదురుగా ఫ్యాన్సీ సామాన్లు అమ్మే దుబాయ్ మామ దగ్గరికి పరుగెత్తాను. పదేండ్లు దుబాయ్‌లో పనిచేసి వచ్చినందుకు మా వీధంతటికీ ఇంగ్లీషు పెద్ద ఆయనే. కళ్లజోడు తుడుచుకొని, ఉత్తరం దూరంగా పట్టి ఒకసారి, దగ్గరగా పట్టి ఒకసారి చదివాడు.

"పాపా, ఆడ దుబాయ్‌లో మా మేనేజరు నన్ను తిట్టినాడు, పొగిడినాడు. రెండిట్లోనూ ఈ మాట వాడల్యా."

"అంటే ఏంది మామా?"

"అంటే తిట్టు కన్నా పెద్దదేదో అయ్యుంటాది. మనకెందుకు, తీసేయించుకో."

నాయన కూడా అదే తీర్పు చెప్పాడు. "కష్టపడతాది, నమ్మకస్తురాలు అని రెండు మామూలు మాటలు రాయించుకో మే. అవైతే యాడైనా చెల్లుతాయి. ఎవరికీ తెలియని రకం తెచ్చి అంగట్లో పెట్టుకుంటే ఎవడు కొంటాడు?"

మరుసటి రోజు పొద్దున్నే సార్ ఇంటికి పోయాను. బేరం ఆయన వరండాలోనే మొదలుపెట్టాను. "సార్, ఈ ఒక్క మాట తీసేసి, దాని బదులు హార్డ్‌వర్కింగు, హానెస్టు అని రెండు ఇయ్యండి. రెండూ మామూలు మాటలే, మీకేం నష్టం లేదు."

ఆయన పేపరు దించి చూశాడు. "మార్చుకోవడానికి ఇదేమన్నా మీ చీరల కొట్టా అమ్మా?"

"పోనీ మీ మాట అట్లే ఉండనీండి. పక్కన ఒక్క హార్డ్‌వర్కింగు వేయండి."

"వెయ్యను."

ఇక చివరి అస్త్రం తీశాను. "సరే సార్, ఇంకో సార్ దగ్గర రాయించుకుంటా" అని లేచాను. చెప్పులు వీలైనంత నిదానంగా తొడుక్కున్నాను. గేటు గడియ రెండుసార్లు తీసి వేశాను. వీధి మలుపు దాకా పోయాను. పిలుపు రాలేదు. అయిదు నిమిషాలు ఆ మలుపులో సోడా బండి పక్కన నిలబడి, నా అంతట నేనే వెనక్కి తిరిగి వచ్చాను. బేరంలో ఇంతకు మించిన పరువు తక్కువ పని లేదు. నాయన చూసి ఉంటే ఆ రోజే నన్ను గల్లా దగ్గరి నుంచి లేపేసేవాడు.

"ఆ మాటకి అర్థం తెలుసా నీకు?" అన్నాడు సార్ పేపరు లోంచి తల ఎత్తకుండానే.

"తెలీదు సార్."

"సరుకేంటో తెలియకుండానే వదిలించుకుందామని వచ్చావు. నువ్వేం వ్యాపారస్తురాలివమ్మా?"

నన్ను ఎవరేమన్నా పడతాను గానీ ఆ మాట మాత్రం సూటిగా తగిలింది. కిందే కూర్చున్నాను. అప్పుడాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "మొన్న మీ కొట్లో మా ఆవిడకి చీర కొన్నాను. నేనడిగిన ధరకే ఇచ్చేశావు. ఇంటికొచ్చి మూడు రోజులు ఆలోచించాను, నేను గెలిచానా ఓడిపోయానా అని. నీ ముఖం ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా ఏమీ తేలలేదు. ఆ ముఖాన్నే ఇన్‌స్క్రూటబుల్ అంటారు." లెక్క తెగకపోతేనో, పాఠం అర్థం కాకపోతేనో ఈ మాట వాడకూడదన్నాడు. లోపల ఏదో ఉందని మనకు తెలియాలి, అదేమిటో మాత్రం అంతు చిక్కకూడదు. అటువంటి మనిషికీ, చూపుకీ, నవ్వుకీ వాడాలట. "ఇంతకీ ఎవరు గెలిచారమ్మా?" అన్నాడు చివర్లో, కొంచెం ఆశగా. నేను గేటు వైపు చూస్తూ ఊరుకున్నాను. ఆయన తల ఊపి, "చూశావా, తప్పు రాయలేదు నేను" అన్నాడు.

ఇంటర్వ్యూలో పెద్దాఫీసరు అందరి ఉత్తరాలూ పక్కకు నెట్టి నాది చేతిలో పట్టుకున్నాడు. మిగతా అందరూ కష్టపడేవాళ్లే, నమ్మకస్తులేనట. "దీనికి అర్థం చెప్పగలవా?" అన్నాడు. చెప్పాను. జమ్మలమడుగు నుంచి నేసేవాళ్లు చీర తెచ్చి పరిస్తే, అది ఎంత కన్నులపండువగా ఉన్నా మా నాయన గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ "అంచు ఇట్లుండాదేంది" అంటాడనీ, ఆ చీర ఆయనకు ఎంత నచ్చిందో కట్టుకున్న భార్యకు కూడా తెలియదనీ, అదే ఇన్‌స్క్రూటబుల్ ముఖమనీ చెప్పాను. ఆఫీసరు నవ్వి, జీతం ఎంత ఇవ్వగలరో చెప్పాడు. నేనేమీ అనలేదు. ఆయన కాసేపు నన్నే చూసి ఇంకొంచెం పెంచాడు. అప్పుడూ అనలేదు. ఇంకోసారి పెంచి, "ఇంక మా వల్ల కాదమ్మా" అన్నాడు. (నాకు నోరెండిపోయి నాలుక అంగిటికి అతుక్కుపోయిందని ఆయనకు ఇవాళ్టిదాకా చెప్పలేదు.)

సాయంత్రం బస్సు దిగి అంగడికి వచ్చేసరికి నాయన ఒకామెకు చీరలు చూపిస్తున్నాడు. "ఏమాయ?" అన్నాడు. "వచ్చింది నాయనా. అనుకున్నదాని కన్నా ఎక్కువకే." "మంచిది. పోయి అన్నం తిను." అంతే, ముఖంలో గీత కూడా కదల్లేదు. చీరలు చూస్తున్న ఆమె అందరి మాదిరే సగానికి అడిగింది. "తీసుకోమ్మా" అన్నాడు నాయన. ఆమె చీర పట్టుకొని బిత్తరపోయి నిలబడింది. ఎదురుగా ఉన్న దుబాయ్ మామ అంగడి వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "ఏందన్నా, ఒంట్లో బాగలేదా?" అని నాయన చెయ్యి పట్టి చూశాడు. నాయన ఆ చెయ్యి విడిపించుకొని, మడత పెట్టిన చీరనే మళ్లీ మడత పెడుతూ, "మా పాపకు ఉద్యోగమొచ్చిందిలే" అని, ఎండ గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఇప్పుడు ఆ సెక్షన్ నా చేతి కింద ఉంది. సరుకు అమ్మడానికి వచ్చేవాళ్లు బయట వరండాలో, "మేడం ముఖం చూస్తే ఏమీ తెలియదప్పా" అని చెప్పుకుంటుంటే వినబడుతుంది. వాళ్ల ముందు ఎట్లా కూర్చోవాలో నాకిప్పుడు బాగానే తెలుసు. ఆ రోజు ఇంటర్వ్యూ కుర్చీ అంచున కూర్చున్న పిల్లకు మాత్రం ఏమీ తెలియదు. అయినా నేను ఇన్నేండ్లలో చేసిన బేరాలన్నిట్లోకీ గట్టి బేరం ఆ పిల్లదే.