నిలబడి విన్న పాటలు

పోయిన మంగళవారం పటాన్‌చెరులో చెవుల పరీక్షకు వెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినిపించగానే నొక్కమని చేతికొక బటన్ ఇచ్చింది అక్కడి అమ్మాయి. బుద్ధిగా దాని మీద బొటనవేలు ఆనించి కూర్చున్నాను. ఎంతసేపటికీ ఏమీ వినపడలేదు. ఆ అమ్మాయి తలుపు తీసి లోపలికి రాగానే, "ఎప్పుడు మొదలుపెడతావమ్మా?" అని అడిగాను. ఆమె నా మొహంలోకి చూసి, పెదాలు బాగా కదుపుతూ, "అయిపోయింది అంకుల్" అంది. తర్వాత డాక్టరుగారు మా ఆవిడతో చాలాసేపు మాట్లాడారు. బయటికొచ్చాక ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది, అంతే. ఇక చెవి మిషన్లు మార్చినా లాభం లేదన్నమాట. ముంబై రోడ్డు మీద లారీలు చప్పుడు లేకుండా పోతున్నాయి. ఆటోలో పటేల్‌గూడలో మా ఇంటికి చేరేదాకా, ఈ చెవులతో ఒకప్పుడు ఏయే ఊళ్ళలో ఏమేం విన్నానో అదే ఆలోచన.

నేను తెనాలి దగ్గరి పల్లె నుంచి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చినవాణ్ణి. పెద్ద కర్మాగారంలో టర్బైన్ల విభాగం. విద్యుత్ కేంద్రాల్లో ఆ యంత్రాలు బిగించి, తిప్పి చూపించి, అప్పగించి రావడం మా పని. శిక్షణకని కొన్ని దేశాలు, పని మీద కొన్ని దేశాలు తిరిగాను. చాలాసార్లు నాకు తోడుగా సంగారెడ్డి ఫిట్టరొకడు ఉండేవాడు. నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. మొదటిసారి ఇటలీ వెళ్ళినప్పుడు ఓ ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంటే తలదాచుకోవడానికి ఒక పాత భవనంలోకి దూరాం. అది ఒపేరా శాల. ఒపేరా అంటే మాటలన్నీ పాటలుగానే సాగే నాటకం. టికెట్ కొంటే కూర్చోవచ్చని తెలిసి, ఎలాగూ వాన తగ్గేలా లేదని కొనేశాం.

మా ఊళ్ళో పద్యనాటకాలు చూసి పెరిగినవాణ్ణి కాబట్టి రాగం తీసినంతసేపు కథ ఆగిపోవడం నాకేమీ వింత కాలేదు. వింతల్లా మైకు లేకపోవడమే. ఎక్కడో కింద, బొటనవేలంత కనిపిస్తున్న మనిషి గొంతు పైకప్పు దగ్గర కూర్చున్న నా దాకా వచ్చి రొమ్ములో దిగబడింది. చివరి అంకంలో జబ్బుపడ్డ నాయిక మంచం మీద పడుకుని పాడుతూనే ఉంది. భాయ్ నా చెవిలో, "పానం పోతున్నామెకు గింత దమ్ము ఏడికెళ్లొస్తుందన్నా?" అన్నాడు. కాసేపటికి చూస్తే రుమాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అక్కణ్ణుంచి అదో పిచ్చయింది. పని మీద ఏ ఊరు వెళ్ళినా మొదట సైటు ఎక్కడ, తర్వాత ఒపేరా ఎక్కడ అని అడిగేవాణ్ణి. వియన్నాలో చవక టికెట్టు కొంటే వెనకాల కమ్మీ పట్టుకుని నిలబడి వినాలి. జాగా పోకుండా జనం కమ్మీకి తమ స్కార్ఫులు కట్టి బయటికి వెళ్ళేవారు. నేను మా ఊరి ఎర్రగళ్ల తువ్వాలు కట్టాను. తిరిగొచ్చేసరికి పక్కనున్న ముసలావిడ దాన్ని వేళ్ళతో నలిపి చూసుకుంటోంది. నన్ను చూసి సిగ్గుపడి నవ్వింది. కైరోలో టై లేనిదే లోపలికి పంపేది లేదన్నారు. హోటల్ గుమాస్తాను బతిమాలితే దొరికింది ఒక్కటే టై. మొదటి సగం నేను చూశాను, రెండో సగం భాయ్ చూశాడు. బసకు నడుస్తూ నేను చూసిన కథ వాడికి చెప్పాను, వాడు చూసింది నాకు చెప్పాడు. రెండూ అతుక్కోలేదు.

ఇంట్లో క్యాసెట్లు పెడితే మా ఆవిడ వంటింట్లోంచి, "గొంతులో ముల్లు గానీ గుచ్చుకుందా ఆవిడకి?" అనేది. ఒకసారి ఎదురుగా కూర్చుని వింటే తెలుస్తుందని నేననేవాణ్ణి. "రిటైరయ్యాక చూద్దాంలెండి" అనేది.

ఈలోగా చెవులు తగ్గుతూ వచ్చాయి. టర్బైన్ దగ్గర మా చెవే మా పనిముట్టు. పొడవాటి ఇనప కడ్డీ ఒక కొస బేరింగు మీద, రెండో కొస చెవికి ఆనించి, లోపల తిరుగుడు సాఫీగా ఉందో లేదో వినేవాళ్ళం. చెవిమూతలు పెట్టుకుంటే ఆ తేడా అందదని అందరం వాటిని మెడలో వేసుకునే తిరిగాం. ఆ మోత నుంచి బయటికొచ్చి, సాయంత్రం అదే చెవులతో పాట వినడానికి పరుగెత్తేవాణ్ణి.

రిటైరయ్యాక మా ఆవిణ్ణి బుడాపెస్ట్ తీసుకెళ్ళాను. మొదటిసారి కింద, మెత్తటి కుర్చీల్లో కూర్చున్నాం. డోళ్ళు వినపడ్డాయి, పెద్ద బాకాలు కొద్దిగా వినపడ్డాయి. వయొలిన్ల వాళ్ళ చేతులు ఆడుతున్నాయి, శబ్దం లేదు. నాయిక ముందుకొచ్చి నోరు తెరిచింది. ఊపిరి తీసుకుంటోందనుకున్నాను. ఎంతకీ నోరు మూయదు. అప్పటికి అర్థమై, పక్కకు తిరిగి చూశాను. మా ఆవిడ చెంపల మీద నీళ్ళు. తుడుచుకోవాలని కూడా ఆవిడకు తోచలేదు.

తిరిగి వస్తుంటే ట్రాములో, నాకు పెదాలు కనపడేలా తిరిగి, "ఎలా పాడిందండీ?" అని అడిగింది.

"బాగా పాడింది."

ఆవిడ కాసేపు నన్నే చూసింది. "చివర్లో గొంతు సన్నం చేసి ఒకటి పాడింది చూడండి... మీకు వినపడలేదు కదూ?" అని, రెండింట్లో కాస్త మెరుగైన నా చెవి దగ్గర నోరు పెట్టి ఆ పాట కూనిరాగంగా తీయబోయింది. నాకు ఊపిరి వెచ్చగా తగిలింది. అంతకుమించి ఏమీ అందలేదు. ఆవిడ చాలాసేపు ప్రయత్నించి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ పాటలు ఆవిడే పెట్టుకుని వినేది. నేను గదిలోకి వస్తే ఆపేసేది. వద్దన్నా ఆపేసేది.

నిన్న భాయ్ సంగారెడ్డి నుంచి చూడటానికి వచ్చాడు. వాడి చెవులూ నావాటికి తీసిపోలేదు. ఇద్దరం ఒకరి పెదాలొకరు చూస్తూ, అరుచుకుంటూ మాట్లాడుతుంటే పక్క ఫ్లాటువాళ్ళు తొంగిచూశారట. ఆ వాన రోజు పాట ఎలా మొదలయ్యేదో గుర్తుందా అని అడిగాను. వాడు కళ్ళు మూసుకుని, "యాదికొస్తలేదన్నా. ఆమె నోరు కనిపిస్తుంది, పాట వస్తలేదు" అన్నాడు.

నాకూ అంతే. వియన్నా కమ్మీ చల్లదనం చేతికి తెలుస్తోంది, ముసలావిడ నవ్వు కనిపిస్తోంది, పాట దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. చెవుల లోపల టర్బైను రొదలాంటిది ఒకటి పగలూ రాత్రీ సాగుతూనే ఉంటుంది, అది ఆగదని డాక్టరుగారు ముందే చెప్పారు. చెవులు పోతే పోనీ, విన్నదంతా లోపల భద్రంగా ఉంటుందిలే అనుకుని ఇన్నేళ్ళు ధైర్యంగా ఉన్నాను. కాలం వినికిడితో ఆగదని, విన్నదాన్ని కూడా వెనక్కి వెతికి మరీ పట్టుకుపోతుందని ఇప్పుడే తెలుస్తోంది.